బతికుండగా అవయవదానం సర్వే: అందరూ ‘తప్పకుండా ఇస్తాను’ అంటున్నారు, ఏం చేయాలి?

మెడికల్ స్టూడెంట్స్ బతికుండగా అవయవదానం గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని 24 ప్రశ్నల ఫారం చేశాను, 5 పాయింట్ల లైకర్ట్ స్కేలు (ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పే ఐదు గడులు, నడిమిది ‘చెప్పలేను’). 30 మందితో పైలట్ (ముందస్తు చిన్న ట్రయల్) చేస్తే ‘అమ్మకో నాన్నకో కిడ్నీ ఇస్తారా’ అన్న ప్రశ్నకి 28 మంది ‘తప్పకుండా’ అని టిక్ పెట్టేశారు. ఇక విశ్లేషించడానికి ఏం మిగిలింది? ఒక ఫారం వెనక మాత్రం ఎవరో పెన్సిల్‌తో ‘ఒక్క కిడ్నీతో నైట్ డ్యూటీలు చేయగలమా’ అని రాసి కొట్టేశారు. అసలు సంగతి ఆ కొట్టివేతలోనే ఉందని నా అనుమానం.

పేర్లు తీసేశాను, ఫారాలు మూసిన డబ్బాలో వేయించాను, మార్పు లేదు. తోబుట్టువు, స్నేహితుడు, ముక్కూ మొహం తెలియని మనిషి అని విడివిడిగా అడిగితే చివరిదానికి దాదాపు అందరూ ‘చెప్పలేను’ గడిలో దాక్కున్నారు, ఆ గడి తీసేసి 4 పాయింట్లు చేస్తే కొందరు ప్రశ్ననే వదిలేశారు. దాతకి రిస్క్ ఒకేలా ఉండదు కదా అని కిడ్నీనీ, కాలేయంలో కొంత భాగాన్నీ వేరు చేశాను, అయినా అవే జవాబులు.

‘మీరు ఇస్తారా’ అని నేరుగా అడగకుండా, ఒక దాత కేసు రాసిచ్చి ‘ఇతను ఏం చేయాలి’ అని అడిగితే నిజమైన అభిప్రాయం బయటపడుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.