గంగమ్మ జాతర మీద ప్రాజెక్టు: ఏ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న:
మాది తిరుపతి. ఎం.ఏ. ప్రాజెక్టుకి తాతయ్యగుంట గంగమ్మ జాతర తీసుకున్నాను. మా మామయ్య మొక్కు ఉన్న ఏడు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని గుడికి వెళ్తాడు. చిన్నప్పుడు ఆయనకి కాటుక పెట్టింది నేనే. అందుకే ఈ పని సరిగ్గా చేయాలని ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హెన్రీ వైట్‌హెడ్ 1916లో గ్రామదేవతల మీద వేసిన పుస్తకం దొరికింది. గుడి దగ్గర కొన్న చిన్న పుస్తకంలో కథ ఒకలా ఉంది, అమ్మమ్మ ఇంకోలా చెబుతుంది. వీటిలో ఏది ప్రామాణికం అనుకోవాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు శోధగంగలో (యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) తెలుగు పేర్లతోనూ ఇంగ్లిష్ స్పెల్లింగులతోనూ వెతకండి. సిద్ధాంత గ్రంథం దొరికితే రచయిత ఏ ఏడు జాతర చూశారో, ఎవరితో మాట్లాడారో రాశారా అని చూడండి. అది లేకపోతే పక్కన పెట్టేయండి.

జవాబు 2:
నేను చిత్తూరు వైపు గ్రామదేవతల మీద పీహెచ్‌డీ చేశాను. మొత్తం పుస్తకాన్ని నమ్మాలా వద్దా అని చూడకండమ్మా. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది ఈయనకి ఎలా తెలిసింది అని అడగండి.

వైట్‌హెడ్ మద్రాసు బిషప్. బలి ఎలా ఇచ్చారు, పూజారిది ఏ కులం అని రాసిన చోట ఆయన చాలా పనికొస్తారు. ఈ పూజలు ఎలా పుట్టాయో ఊహించిన చోట మాత్రం ఆ కాలపు సిద్ధాంతాలే మాట్లాడతాయి. ఆ భాగం గంగమ్మ గురించి సాక్ష్యం కాదు, ఒక బిషప్ మన అమ్మవార్లని ఎలా చూశారన్న దానికి సాక్ష్యం.

నేను పడ్డ గోతిలో మీరు పడకండి. ఒక ఆచారం గురించి ఐదు పుస్తకాలు ఒకే మాట చెబుతున్నాయని గట్టి ఆధారం అనుకున్నాను. పాదసూచికలు పట్టుకుని వెనక్కి వెళ్తే ఐదూ ఒకే పాత పేరా దగ్గర తేలాయి. అధ్యాయం మొత్తం తిరగరాశాను.

జాయిస్ ఫ్లూకిగర్ 2013 పుస్తకం తప్పకుండా చదవండి. తిరుపతిలో ఉండి, అమ్మవారితో బతుకు ముడిపడ్డ ఆడవాళ్లతో, జాతరలో గంగమ్మ వేషాలు కట్టే కైకాల కుటుంబం వాళ్లతో మాట్లాడి రాశారు. డాన్ హాండెల్‌మన్ 1995 వ్యాసం కూడా చూడండి. ఆయన చూపు వేషాల మీద, ఈవిడ చూపు మనుషుల మీద. ఇద్దరూ ఒకే జాతర గురించి ఎక్కడ విడిపోతున్నారో రాసుకోండి, మీ అధ్యాయం అక్కడే మొదలవుతుంది.

గుడి పుస్తకం పారేయకండి. ఎవరు వేయించారో, ఏ ఏడు అచ్చయిందో చూడండి. అందులో "వెయ్యేళ్ల జాతర" లాంటి మాట ఉంటే శాసనం ఏదని అడగాలి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి శాసన సంపుటాలు 1930లలోనే అచ్చయ్యాయి, వాటిలో వెతకండి.

ఇక అమ్మమ్మ కథని ఆవిడ మాటల్లోనే రికార్డు చేయండి. తేదీ వేయండి, ఆవిడకి ఎవరు చెప్పారో అడగండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చాలా థాంక్స్ సార్. రాత్రి అమ్మమ్మని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. అవిలాలలో వాళ్ల పెద్దమ్మ దగ్గర విన్నదట. దొర వేషంలో పాలెగాణ్ణి చంపాక, గంగమ్మే మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది అంది. గుడి పుస్తకంలో ఆ పెళ్లాం ఊసే లేదు. సోమవారం లైబ్రరీలో ఫ్లూకిగర్ పుస్తకం తీసుకుంటాను, అందులో ముందు వెతికేది ఆ పాలెగాడి పెళ్లాన్నే.