అశ్విక దళాధికారి భుజం మీది గొలుసు: భుజకీర్తా, భుజత్రాణమా?

అనంతపురం నుంచి ప్రశ్న: కవాతుల్లో గుర్రాల మీద వచ్చే అధికారుల భుజాలకు ఇనుప గొలుసు అల్లిక ఉంటుంది కదా. మావాడు దాని పేరడిగితే భుజకీర్తులని చెప్పినా. సరైన మాటేనా?

కడప నుంచి జవాబు: అనొచ్చన్నా, కానీ అందులో సగం సంగతే ఉంది. భుజకీర్తి నలుగురూ చూడాలని పెట్టుకునేది. ఉత్సవమూర్తికి, నాటకంలో రాజు వేషానికి పెడతారు. ఈ గొలుసు పుట్టింది ప్రాణభయం నుంచి. రౌతులు ఎదురెదురుగా తలపడితే కత్తి వేటు పైనుంచి దిగుతుంది, తల తప్పితే భుజమే దొరుకుతుంది. భుజం తెగితే కళ్ళెం పట్టే చెయ్యో, కత్తి పట్టే చెయ్యో పోయినట్టే. అందుకే 19వ శతాబ్దంలో మన దేశపు అశ్విక దళాల అధికారులు అక్కడ గొలుసు వేసుకున్నారు. ఆ పనికి సరైన మాట భుజత్రాణం. శిరస్త్రాణం, అంగుళిత్రాణం ఉండనే ఉన్నాయి.

తర్వాత గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినాయి. 1953లో ఏర్పడిన 61వ కావల్రీ లాంటివి తప్ప గుర్రపు దళాలు మిగల్లేదు. అయినా ట్యాంకు దళాల అధికారులు ఉత్సవ దుస్తుల్లో ఆ గొలుసు వేసుకుంటూనే ఉన్నారు. గొంతు కవచం కథా ఇంతే. యూరప్ సైన్యాల్లో అది చిక్కి చిక్కి మెడలో నెలవంక బిళ్ళయింది, అధికారి విధుల్లో ఉన్నాడనే గుర్తుగా నిలిచింది. మన సైన్యంలో కర్నల్, ఆపై హోదావాళ్ళ కాలరు మీది ఎర్ర పట్టీలను ఇప్పటికీ గార్జెట్ ప్యాచ్‌లనే అంటారు. గార్జెట్ అంటే ఆ గొంతు కవచమే.

ధర్మవరం నుంచి: మా నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రాముడు, రావణుడు యుద్ధానికి కూడా భుజకీర్తులతోనే దిగుతారు. అది వీరుడి గుర్తు. వట్టి అలంకారమంటే ఒప్పుకోను.

కడప: మంచి మాటన్నారు, అక్కా. అలంకారమని తక్కువ చేయను. కర్ణుణ్ణి చూడండి. ఒంటితో పుట్టిన కవచాన్ని కోసి ఇంద్రుడికి ఇచ్చినందుకే వైకర్తనుడనే పేరొచ్చింది. రక్ష పోయింది, కీర్తి నిలిచింది. ఈ గొలుసుకూ అదే జరిగింది. ఇప్పుడది ఏ కత్తినీ ఆపదు. నా ముందువాళ్ళు ఇక్కడ దెబ్బలు కాచుకున్నారని మాత్రం వేసుకున్నవాడికి గుర్తు చేస్తుంది. అందుకే పాత యుద్ధాల గురించి రాసేటప్పుడు భుజత్రాణమని, నేటి కవాతు గురించైతే గొలుసు భుజకీర్తి అని రాస్తా. ఒట్టి భుజకీర్తి అంటే ఇనుము కనిపించదు.

ఇంకో మాట కూడా ఉంది. పాత తెలుగులో జోడు అంటే కవచం. పద్యాల్లో వజ్రపుజోడు తగులుతుంది. ఇప్పుడా మాట చెప్పులకు, జంటకు మిగిలింది. గొలుసుజోడు అంటే ఎట్లుంటుంది? రెండు భుజాలకు రెండు కాబట్టి జత అనే అర్థమూ కలిసొస్తుంది. కర్నూలు వైపు పెద్దలు జోడును కవచమనే అర్థంలో విని ఉంటే ఇక్కడ రాయండి.