అప్‌డేట్: స్టీమ్‌లో కొన్న గేమ్ లోడింగ్‌లోనే క్రాష్ – రీఫండ్ వచ్చింది

స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొన్న ఎర్లీ యాక్సెస్ గేమ్ (తయారీ పూర్తవకముందే అమ్మేది) ఒకటి లోడింగ్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. గేమ్ బాగవలేదు, డబ్బు మాత్రం తిరిగొచ్చింది.

పనికొచ్చింది "రిపేర్లు తర్వాత, ముందు రీఫండ్ అడగండి" అన్న మాటే. కొన్న 14 రోజుల్లోపు రీఫండ్ అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉండాలి. గేమ్ తెరిచి ఉంటే చాలు, మెనూలో కూర్చున్నా షేడర్లు (గ్రాఫిక్స్ కోసం వాడే చిన్న ప్రోగ్రాములు) కంపైలవుతున్నా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. చాలామంది గడువు దాటేది ఇక్కడే. స్టీమ్ సపోర్ట్‌లో పర్చేజెస్ తెరిచి, గేమ్ ఎంచుకుని, సాంకేతిక సమస్య అని పెట్టి, క్రాష్ ఎక్కడ వస్తోందో రెండు వాక్యాల్లో రాస్తే సరిపోయింది.

డ్రైవర్ అప్‌డేట్, ఫైల్ వెరిఫై, విజువల్ సీ ప్లస్ ప్లస్ (గేములు నడవడానికి కావలసిన మైక్రోసాఫ్ట్ ఫైళ్లు) రీఇన్‌స్టాల్: వేటికీ ఈ క్రాష్‌తో సంబంధం లేదు. తప్పు తాము విడుదల చేసిన గేమ్ వెర్షన్‌లోనే ఉందని డెవలపర్లే చెప్పారు.

విడుదలకు ముందు స్టీమ్ చేసే తనిఖీ గేమ్ నడుస్తుందా, పేజీలో రాసినదానికి సరిపోతుందా అన్నంతవరకే. నా దృష్టిలో అది చాలదు. కాబట్టి కొనేముందు మొత్తం రేటింగ్ కాకుండా గత 30 రోజుల రివ్యూలు చూడండి. ఎర్లీ యాక్సెస్ అయితే చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో కూడా చూడండి.