ఎనభై నాలుగేళ్ల అమ్మ మెదడులో నరం ఉబ్బింది: ఆపరేషన్ చేయించాలా, వద్దా?

సోంపేట పెద్దకొడుకు:

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మకు 84 ఏళ్లు. 2018లో తిత్లీ తుపాను మా తోటలోని కొబ్బరి చెట్లను పడగొడితే, అంతా వదిలేద్దామని మేమన్నా వినకుండా మళ్లీ మొక్కలు నాటించి పెంచుకున్న మనిషి. రెండు నెలల కిందట తెల్లవారుజామున పెరట్లో జారిపడింది. నుదురు చిట్లింది. శ్రీకాకుళంలో స్కాన్ తీసి దెబ్బ వల్ల భయం లేదన్నారు గాని, ఒక నరం దగ్గర అనుమానంగా ఉంది, ఎంఆర్ఐ తీయించమన్నారు. విశాఖపట్నంలో తీయించాం. మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళం రెండుగా చీలే చోట 6 మిల్లీమీటర్ల ఎన్యూరిజం ఉందట. రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బడం. ఇంకా చిట్లలేదు. అమ్మకు దాని వల్ల ఏ బాధా లేదు.

ఒక ఆసుపత్రిలో వెంటనే చేయించమన్నారు. ఇంకో డాక్టరు ఈ వయసులో కదపవద్దన్నారు. తమ్ముడు చేయించాలంటాడు, చెల్లెలు ఒప్పుకోదు. అమ్మకు బీపీ ఉంది. ఉద్దానంలో ఎంతోమందికి ఉన్నట్టే కిడ్నీ కూడా బలహీనం, క్రియాటినిన్ 1.9. నాకు నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది ఇంట్లో చూసినవారు చెప్పండి.

కోట వీధి, విజయనగరం:

చేయించండి. ఆలస్యం చేయవద్దు. మా నాన్నకు 79 ఏళ్లు. మూడేళ్ల కిందట పైడితల్లి అమ్మవారి సిరిమాను మర్నాడు పొద్దున్న తల పట్టుకుని కూలబడ్డారు. "ఇంత నొప్పి పుట్టి ఎరగను" అన్నారు, వాంతులు చేసుకున్నారు. విశాఖపట్నం తీసుకువెళ్లేసరికి స్పృహలోనే ఉన్నారు, నన్ను పేరు పెట్టి పిలిచారు. నరం చిట్లింది, ఈ రోజే మూయాలి అన్నారు డాక్టర్లు. ఈ వయసులో ఆయనను హింస పెట్టడమెందుకని మేమే వెనకాడాం. అన్నయ్య బెంగళూరు నుంచి వచ్చాక నిర్ణయం చెబుతామన్నాం. ఆ రాత్రే రెండోసారి చిట్లింది. అన్నయ్య వచ్చేసరికి నాన్న లేరు.

మీ అమ్మగారికి ఇంకా చిట్లలేదు. మాకు దొరకని అదృష్టం మీకు దొరికింది. దాన్ని పోగొట్టుకోకండి.

బొబ్బిలి సిస్టర్:

మాది బొబ్బిలి. పద్నాలుగేళ్లుగా న్యూరో ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను. మంచం పక్కన నిలబడి చూసింది, చదువుకుని తెలుసుకున్నది చెబుతాను.

విజయనగరం అన్నగారూ, మీ నాన్నగారికి చిట్లింది. సోంపేట అమ్మగారికి చిట్లలేదు. జబ్బు పేరు ఒకటే అయినా ఈ రెండింటికీ ఒకే జవాబు ఉండదు.

చిట్లాక, మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువ. స్పృహలో ఉండి మాట్లాడుతున్న మనిషైతే, ఎనభై దాటినా, వీలైనంత త్వరగా మూయడానికే చాలామంది డాక్టర్లు మొగ్గుతారు. స్పృహ లేకుండా, కంటిపాప కదలని స్థితిలో వస్తే ఆలోచన మారుతుంది. మూసినంత మాత్రాన గండం గడవదు కూడా. నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయి పక్షవాతం వచ్చే భయం ఉంటుంది. అందుకే నిమోడిపిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి లేపి అయినా, 21 రోజులు వేస్తాం. తలలో నీరు చేరితే గొట్టం వేయాలి. ఇదంతా తట్టుకుని నడిచి ఇంటికి వెళ్లిన ఎనభై ఏళ్ల వారిని చూశాను. తట్టుకోలేని వారిని అంతకంటే ఎక్కువ చూశాను.

ఇక చిట్లని బుడగ. పెద్దవాళ్లను నూరుమందిని స్కాన్ చేస్తే సుమారు ముగ్గురిలో ఇది కనిపిస్తుంది. వారిలో ఎక్కువమంది అది ఉన్నట్టే తెలియకుండా బతుకు వెళ్లదీస్తారు. చిట్లే అవకాశం అంచనా వేయడానికి 2014లో ఫేసెస్ అనే లెక్క వచ్చింది. దేశం, బీపీ, వయసు 70 దాటిందా, బుడగ పరిమాణం, ఇంతకుముందు చిట్లిందా, ఏ చోట ఉంది అన్నవి చూసి పాయింట్లు వేస్తారు. మీరు చెప్పిన వివరాలతో అమ్మగారికి 4 పాయింట్లు వస్తాయి. అంటే వచ్చే ఐదేళ్లలో చిట్లే అవకాశం నూటికి ఒకటి లోపు. రెండో పక్క చూడండి. చిట్లని బుడగలకు చేసిన చికిత్సలను లెక్కించిన ఒక పెద్ద సమీక్ష 2019లో వచ్చింది. అందులో రక్తనాళం గుండా గొట్టం పంపి చేసే కాయిల్ పద్ధతిలో నూటికి అయిదుగురికి, తల తెరిచి క్లిప్ పెట్టినప్పుడు ఎనిమిది మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. అది అన్ని వయసులవారిదీ కలిపిన లెక్క.

క్లిప్ పాత పద్ధతి. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ మొదట చేశారు. పుర్రె ఎముక తెరిచి బుడగ మెడ దగ్గర చిన్న లోహపు క్లిప్ బిగిస్తారు. కాయిల్ 1990లో మొదలైంది. గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం దూర్చి, మెదడు దాకా పంపి, బుడగలో మెత్తని ప్లాటినం తీగ చుట్టలు నింపుతారు. 2002లో వచ్చిన ఐశాట్ పరిశోధనలో నరం చిట్లిన 2,143 మందిని చూశారు. ఏడాది తరువాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి కాయిల్ వైపు నూటికి 24 మంది, క్లిప్ వైపు 31 మంది. కాని అందులో చేరినవారి సగటు వయసు 52. ఎనభై నాలుగేళ్ల మనిషికి ఆ అంకెలను అలాగే అతికించలేం.

"తల కోయరు కదా" అని కాయిల్‌ను చిన్న పని అనుకోకండి. అమ్మగారి బుడగ ఉన్న చోటు చాలాసార్లు కాయిల్ కంటే క్లిప్‌కే అనువుగా ఉంటుంది. కాయిల్ పెట్టాలంటే అయోడిన్ ఉన్న రంగుమందు ఎక్కించాలి, అది ఇప్పటికే బలహీనమైన కిడ్నీకి భారం. స్టెంట్ (రక్తనాళం లోపల పెట్టే లోహపు జాలి గొట్టం) కూడా కావలసి వస్తే నెలల తరబడి రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు వాడాలి. జారిపడే అలవాటున్న పెద్దవారికి అవి ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కోట వీధి, విజయనగరం:

సిస్టర్, మీరు చెప్పింది గౌరవంతో చదివాను. నూటికి ఒకటి అంటున్నారు. ఆ ఒకటి మన ఇంట్లోవాళ్లయితే నూరు ఏమిటి, వెయ్యి ఏమిటి? చిట్లిన రోజున సోంపేట నుంచి విశాఖపట్నానికి దాదాపు 200 కిలోమీటర్లు. అంబులెన్స్ రావాలి, శ్రీకాకుళంలో చూపించాలి, వారు పంపాలి. పెద్ద నగరంలో ఉన్నవారి లెక్క, మన జిల్లాల లెక్క ఒకటి కాదు.

బొబ్బిలి సిస్టర్:

దూరం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ లెక్కలో అది లేదు. కానీ అన్నగారూ, ఆపరేషన్ బల్ల మీద చెడిపోయే నూటికి అయిదుగురో ఎనిమిది మందో కూడా ఎవరో ఒకరి అమ్మలే.

రాజాం కోడలు:

ఇంతవరకు ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి ఉంది. మా అత్తగారికి 82 ఏళ్లప్పుడు నరం చిట్లింది. ఆపరేషన్ చేశారు, బతికారు. ఆసుపత్రి కాగితంలో "స్థితి మెరుగైంది" అని రాసి పంపారు. ఇంటికి వచ్చినప్పుడు కుడి పక్క పడిపోయి ఉంది. మాట లేదు. ముక్కులో గొట్టం. గంజి, పాలు, మెత్తగా చేసిన పప్పు నీళ్లు రెండు గంటలకోసారి ఎక్కించాను. వీపు మీద పుండ్లు పడకుండా రాత్రి మూడుసార్లు పక్కకు తిప్పాను. రెండేళ్ల రెండు నెలలు. నా భర్త, బావగారు మంచివాళ్లే, కాని తిప్పింది నేను.

ఆమె మా పెళ్లిలో గొంతెత్తి మంగళహారతి పాడిన మనిషి. చివరికి నన్ను చూసి కన్నీరు పెట్టుకునేవారు. ఎందుకో చెప్పలేకపోయేవారు. ఆపరేషన్ తప్పని నేను అనను. బతికించడం ఒక్కటే లెక్కపెట్టి, ఎలా బతుకుతారో ఎవరూ మాకు చెప్పలేదు. సోంపేట అన్నగారూ, మీ ఇంట్లో ఆ పని ఎవరి మీద పడుతుందో వారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి.

పాత మాస్టారు, ఆమదాలవలస:

బాబూ, నాకు 81 ఏళ్లు. ఈ చర్చ మొదటి నుంచి చదివాను. తమ్ముడు ఏమన్నాడో రాశావు, చెల్లెలు ఏమన్నదో రాశావు, ఇద్దరు డాక్టర్ల మాట రాశావు. మీ అమ్మ ఏమన్నదో ఒక్క ముక్క లేదు. అసలు ఆవిడకు చెప్పారా?

నాకు గుండె పరీక్ష చేసినప్పుడు డాక్టరు నా ఎదుటే నన్ను వదిలి మా అబ్బాయితో మాట్లాడారు. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాడిని, నా గుండె గురించి నాకు అర్థం కాదా? "పెద్దాయన కంగారు పడతారు" అన్నారు. కంగారు పడే హక్కు నాకు లేదా? తిత్లీ తరువాత తోటను మళ్లీ నిలబెట్టిన ఆవిడకు తన తల గురించి నిర్ణయం చేసే ధైర్యం లేదనుకుంటున్నారా?

ఎనభై దాటాయి కాబట్టి వద్దనడం కూడా నాకు అవమానంగానే ఉంటుంది. మా వీధిలో 86 ఏళ్ల ఆయన తుంటి ఎముక ఆపరేషన్ చేయించుకుని గుడికి నడిచి వెళుతున్నాడు. 68 ఏళ్ల ఆయన మంచం దిగలేడు. పుట్టిన సంవత్సరం చూసి తీర్పు చెప్పకండి. ఇంకొక మాట. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితి వస్తే తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసి, నోటరీ ముందు సంతకం చేసినా చెల్లుతుందన్నారు. నేను రాసి మా అబ్బాయి చేతికి ఇచ్చాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరువాత బీరువాలో భద్రంగా పెట్టాడు.

పార్వతీపురం:

ఖర్చు సంగతి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఇచ్చే ఏర్పాటు ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబరులో వచ్చింది. ముందే ఆధార్ పట్టుకెళ్లి కార్డు చేయించుకోండి. ఉచితమన్న ఒక్క కారణంతో మాత్రం బల్ల ఎక్కించకండి.

బొబ్బిలి సిస్టర్:

మాస్టారుగారూ, నేనే అడగవలసిన ప్రశ్న మీరు అడిగారు. సోంపేట అన్నగారూ, నేను మరిచిపోయినది ఇంకొకటి. అమ్మగారు చుట్ట కాలుస్తారా? మన వైపు ఆ వయసు ఆడవారిలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ఎంత ఉందో మీకు తెలుసు. ఫేసెస్ లెక్కలో పొగ లేదు, కాని పొగాకు, బీపీ రెండూ బుడగను చిట్లించే దారులే. ఆపరేషన్ లేకుండా మన చేతిలో ఉన్న మందు ఆ రెండింటినీ అదుపులో పెట్టడమే. బుడగ పెరుగుతోందా అని చూడటానికి ఎంఆర్ఐలో రంగుమందు లేకుండానే రక్తనాళాలు చూడవచ్చు, కిడ్నీకి బెంగ లేదు. పెరిగితే అప్పుడు మాట మారుతుంది.

సోంపేట పెద్దకొడుకు:

మాస్టారుగారూ, మీ ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను. అమ్మకు "తలలో చిన్న వాపు" అని మాత్రమే చెప్పాం. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఫోనులో బొమ్మ చూపించి అంతా చెప్పాను. విజయనగరం అన్నగారి నాన్నగారి సంగతి కూడా దాచలేదు. రాజాం చెల్లెమ్మ రాసింది చదివి వినిపించాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత రెండే ప్రశ్నలు అడిగింది. "కోసినాక నా అంతట నేను పెరట్లోకి వెళ్లగలనా?" వెళ్లగలవనే ఆశ, కాని మాట ఇవ్వలేమంటారు అన్నాను. "కోయకపోతే రేపు వెళ్లగలనా?" వెళ్లగలవన్నాను. "అయితే ఇప్పుడు వద్దు. అది పెద్దదైతే అప్పుడు మళ్లీ అడుగు" అంది. అదే చిట్లితే ఏం చేయాలని అడిగాను. మాట్లాడుతూ ఉంటే తీసుకువెళ్లమంది, మాట పోతే ఇంట్లోనే ఉంచమంది. అది కాగితం మీద రాయిస్తున్నాను.

అడ్డపొగ ఉంది. పదహారో ఏట నుంచి. మానడం తన వల్ల కాదేమో, తగ్గిస్తానంది. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, ఆరు నెలలకు స్కాన్ తనే దగ్గరుండి తీయిస్తానన్నాడు.

కోట వీధి, విజయనగరం:

నేనైతే చేయించేవాడిని. కాని ఆవిడను అడిగారు, అది చాలు. ఒక్క పని చేయండి అన్నగారూ. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు తలనొప్పి వస్తే నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టవద్దని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. ఎంఆర్ఐ కాగితాలు, మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించండి. మా ఇంట్లో ఆ రోజు కాగితాలు వెతకడానికే అరగంట పట్టింది.

సోంపేట పెద్దకొడుకు:

తగిలించాను అన్నగారూ. 108 అని గోడ మీద బొగ్గుతో పెద్దగా రాశాడు మనవడు.