ఇంటేక్ మానిఫోల్డ్ దగ్గర కూలెంట్ లీక్, గాస్కెట్ ఒక్కటి మారిస్తే చాలా?
అన్నా, ఇంజిన్ పని తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి. మాది పాత పెట్రోల్ కారు. సింహాచలం ఘాట్ ఎక్కి దిగాక బానెట్ తీస్తే, ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగం) సిలిండర్ హెడ్‌కి అతుక్కునే చోట ఆకుపచ్చగా తడి కనిపిస్తోంది, ఆరిన చోట తెల్లటి మరక. కూలెంట్ మెల్లగా తగ్గుతోంది కానీ ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారలేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా లేదు, అందుకే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కి, సిలిండర్ హెడ్‌కి మధ్య ఉండే సీల్) సమస్య కాదనుకుంటున్నా. గాజువాక ఆటోనగర్‌లో ఒకాయన మానిఫోల్డ్ మొత్తం మార్చాలంటాడు, ఇంకొకాయన గాస్కెట్ వేసి సిలికాన్ పూస్తానంటాడు (ఆ సిలికాన్ మాట వింటేనే టెన్షన్). థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) వెళ్లే చిన్న హోస్ పగిలినా కూలెంట్ కారి అక్కడికే చేరుతుంది కదా, ముందు ఇంజిన్ చల్లారాక ప్రెజర్ టెస్ట్ (కూలెంట్ సిస్టమ్‌లో ఒత్తిడి పెట్టి లీక్ ఎక్కడో చూడటం) చేయించాలా? ప్లాస్టిక్ మానిఫోల్డ్ వంగిందో లేదో ఎలా చూస్తారు? వైజాగ్‌లో ఆ ప్రెజర్ టెస్టర్ ఉన్న షెడ్ ఎక్కడుందో తెలిస్తే చెప్పండి.