‘ఎదిరింపక’ అన్నచోటా ‘ఎదిరించుడి’ అన్నచోటా ఉన్నది ఒకే క్రియ

మిత్రులందరికీ నమస్కారం.

మత్తయి సువార్త 5:39లో ‘దుష్టుని ఎదిరింపక, నిన్ను కుడిచెంప మీద కొట్టువాని వైపునకు ఎడమచెంప కూడ త్రిప్పుము’ అని చదివిన మనమే మొదటి పేతురు 5:9లో అపవాదిని, అంటే సాతానును గురించి ‘విశ్వాసమందు స్థిరులై వానిని ఎదిరించుడి’ అని చదువుతున్నామనీ, ఒకచోట వద్దన్న పనినే ఇంకొకచోట చేయమంటే దేనిని పట్టుకోవాలనీ ఈ చర్చలో ఒక సోదరి అడిగారు. అనువాదకుల పొరపాటై ఉంటుందని కొందరు జవాబిచ్చారు. నేను ఒప్పుకోలేను. తెలుగు అనువాదకులు ఇక్కడ మూలానికి నిక్కచ్చిగా కట్టుబడ్డారు.

గ్రీకులో కూడా ఆ రెండు చోట్లా ఉన్నది ఆంథిస్తేమి అనే ఒకే క్రియ. యాకోబు 4:7లోని ‘అపవాదిని ఎదిరించుడి’ అన్నదీ, అంతియొకయలో కేఫాను, అంటే పేతురును, ముఖాముఖిగా ఎదిరించితినని గలతీ పత్రికలో పౌలు చెప్పుకున్నదీ ఆ క్రియే. అందులో మొదటి భాగానికి ‘ఎదురుగా’ అనీ, రెండవ భాగానికి ‘నిలుచు’ అనీ అర్థం. మన ‘ఎదిరించు’ కూడా ‘ఎదురు’ నుంచే పుట్టింది కనుక ఇంత దగ్గరి మాట దొరకడం అనువాదకుల అదృష్టమనే అనుకుంటాను.

‘ఎదురు’ను కొంచెం నిదానంగా చూడాలి. ఎదురు తిరగడం, ఎదురు చెప్పడం, ఎదురుదెబ్బ అన్నప్పుడు విరోధం ధ్వనిస్తుంది. కానీ పెళ్లిలో మగపెళ్లివారు ఊరి పొలిమేరకు వచ్చారని తెలియగానే ఆడపెళ్లివారు మేళతాళాలతో వెళ్లి, పన్నీరు చల్లి, పానకం అందించి తీసుకువచ్చే వేడుకను ‘ఎదురుకోలు’ అంటాం. పదిమంది కన్యకల ఉపమానంలో అర్ధరాత్రి వినబడిన కేక కూడా ‘ఇదిగో పెండ్లికుమారుడు, అతనిని ఎదుర్కొన రండి’ అన్నదే. శత్రువును ఎదుర్కోవడానికీ వరుణ్ణి ఎదుర్కోవడానికీ మనకు మాట ఒకటే. అంటే ఎదుటివాని ముఖం చూస్తూ, వెన్ను చూపకుండా నిలబడడమే ఈ పదానికి అసలు అర్థమనీ, చేతిలో ఉన్నది కత్తా పానకం చెంబా అన్నది సందర్భమే చెప్పాలనీ నాకు అర్థమవుతోంది.

ఇక మత్తయిలోని సందర్భం. దానికి ముందరి వచనం ‘కంటికి కన్ను, పంటికి పల్లు’. కాబట్టి అక్కడ వద్దన్నది దెబ్బకు దెబ్బగా ఎదురు నిలవడం. ఆ గ్రీకు క్రియ పాత నిబంధన గ్రీకు అనువాదంలో తరచుగా యుద్ధరంగంలో మోహరించి నిలవడమనే అర్థంలో వస్తుందని అమెరికా వేదాంతి వాల్టర్ వింక్ చూపించారు. కుడిచెంప అని ప్రత్యేకించి చెప్పడంలోనూ విశేషముంది. కుడిచేతివాటం ఉన్న మనిషి ఎదుటివాని కుడిచెంప మీద కొట్టాలంటే చేయి వెనుకవైపుతోనే కొట్టాలి. అది గాయపరచడానికి కొట్టే దెబ్బ కాదు, తక్కువవాడివని చెప్పడానికి కొట్టే దెబ్బ. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో అరచేతితో కొట్టినవాడు 200 జూజులు (వెండి నాణేలు), చేయి వెనుకవైపుతో కొట్టినవాడు దానికి రెట్టింపు, 400 జూజులు చెల్లించాలని ఉన్నది ఈ అవమానం కారణంగానే. అటువంటి దెబ్బ తిన్నవాడు తల వంచుకొని పోకుండా, చేయి ఎత్తకుండా, ఎడమచెంప త్రిప్పి అక్కడే నిలబడితే అతడు లొంగిపోయాడని ఎవరంటారు?

యేసు తానే దెబ్బ తిన్నప్పుడు ఏమి చేశాడో యోహాను 18వ అధ్యాయంలో ఉంది. ప్రధాన యాజకుని యెదుట ఒక బంట్రౌతు కొట్టగా ఆయన తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. ‘నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము, మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు’ అని అడిగాడు. మత్తయి 5:39కి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఈ సంగతి నాకు కేవలం వ్యాకరణ విషయం కాదు. మా బంధువుల ఇంట ఒక అమ్మాయి భర్త కొట్టిన దెబ్బలతో పుట్టింటికి వచ్చినప్పుడు, సంఘపెద్ద ఒకరు ఇదే వచనం చదివి వినిపించి, మరునాడే ఆమెను తిరిగి పంపించారు. వాచిన చెంపకు పైట చెంగు అడ్డం పెట్టుకొని ఆమె ఆ వచనం వింటూ కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొట్టినవానిని ‘నన్నేల కొట్టుచున్నావు’ అని నిలదీసిన ప్రభువు మాటను, అడగవలసిన మనిషి నోరు నొక్కడానికి వాడారు.

ఈ క్రియను జీవితకాలమంతా మోసిన ఒక స్త్రీని గురించి కూడా చెప్పాలి. ఫ్రాన్సులో 1685లో ప్రొటెస్టంట్ ఆరాధనను నిషేధించిన తరువాత, ఆ దేశపు దక్షిణాన ఉన్న సెవెన్ కొండల్లోని విశ్వాసులు 1702లో కత్తి పట్టి రాజు సైన్యంతో పోరాడారు. ఊళ్లు తగలబడ్డాయి, ఇరువైపులా హత్యలు జరిగాయి. ఆ తరువాత 1715లో ఆంత్వాన్ కూర్ అనే యువ బోధకుడు చెదిరిన సంఘాన్ని తిరిగి కూడగట్టినప్పుడు, హింసను విడిచిపెట్టి, కొండల్లో రహస్యంగా ఆరాధనలు మాత్రం మానకుండా జరుపుకొనే దారిని ఎంచుకున్నాడు. ఆ దారిలో నడిచిన సంఘకాపరి (పాస్టరు) పియెర్ దురాన్‌ను 1732లో మోంపెల్యేలో ఉరితీశారు. ఆయన చెల్లెలు మరీ దురాన్‌ను అంతకు ముందే, 1730లో, ఏగ్-మోర్త్ పట్టణంలోని కాన్‌స్తాన్స్ బురుజులో బంధించారు. తన విశ్వాసాన్ని విడిచిపెడుతున్నానని ఒక్క మాట అంటే తలుపు తెరుచుకొనేది. ఆమె 38 ఏళ్లపాటు ఆ మాట అనలేదు, 1768లో గాని విడుదల కాలేదు. తోటి ఖైదీల తరఫున ఉత్తరాలు రాసి సహాయం అడుగుతూ కాలం గడిపింది. బురుజు పైగదిలో నేల నడుమ ఉన్న గుండ్రని కంతకు కట్టిన రాతి అంచు మీద ఆ ప్రాంతపు ఉచ్చారణలో గీసిన ఒకే ఒక్క మాట నేటికీ కనిపిస్తుంది. ‘ఎదిరించుము’ అని దాని అర్థం. అది ఆమె చేతి గీతేనని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఆయుధమన్నది ముట్టని స్త్రీల గదిలో ఈ మాట నిలిచి ఉండడం చూస్తే, పేతురు ‘ఎదిరించుడి’ అనే ముందు ‘విశ్వాసమందు స్థిరులై’ అని ఎందుకు చేర్చాడో తెలుస్తుంది.

ఆ చరిత్రను మరవని ల షంబోన్ అనే ఫ్రెంచి గ్రామంలో, ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయిన మరునాడు, అంటే 1940 జూన్ 23న, కాపరి ఆంద్రే త్రోక్మే, ఆయన సహచరుడు ఎడువార్ తేస్ తమ సంఘానికి చెప్పినదీ ఇదే. మనస్సాక్షిని బలవంతపెట్టే హింసను ఆత్మ సంబంధమైన ఆయుధాలతో ఎదిరించడం క్రైస్తవుల విధి అన్నారు. ఆ ఊరివారు ఆ తరువాతి సంవత్సరాల్లో తరమబడి వచ్చిన యూదులను ఇళ్లలో దాచారు.

‘ఎదిరింపక’ను తీసివేసి ‘పగ తీర్చుకొనక’ అని మారిస్తే చిక్కు తీరుతుందని ఇక్కడ వచ్చిన సూచన మీద నా అభిప్రాయం ఇది: అర్థం కొంత తేలికపడుతుంది గాని, ఆ సోదరికి కలిగిన ప్రశ్న ఇక ఎవరికీ కలగదు. ‘ఎదిరింపక’ పక్కన ‘ఎదిరించుడి’ ఉన్నందువల్లనే కదా ఎలా ఎదిరించాలని మనం వెతుకుతున్నాం. రోమా 12:21లోని ‘కీడువలన జయింపబడక, మేలు చేత కీడును జయించుము’ అన్న వాక్యాన్ని పాదసూచికగా ఇస్తే చాలునని నాకు తోస్తోంది.

ఒక్క విషయం మాత్రం మిత్రులనుంచి తెలుసుకోవాలని ఉంది. మా వైపు ‘ఎదురుకోలు’ తప్ప, ‘ఎదిరించు’ అన్న రూపానికి విరోధం లేని వాడుక నేను వినలేదు. ఉత్తరాంధ్రలో గాని, రాయలసీమలో గాని, తెలంగాణ పల్లెల్లో గాని పెద్దవాళ్ల నోట అటువంటి వాడుక విన్నవారు ఉంటే, ఏ సందర్భంలో విన్నారో దయచేసి ఇక్కడ రాయండి.