గ్రిప్పు బానే ఉంది గానీ టైర్లకి ఏడేళ్ళు దాటాయి, మార్చాలా?

అరసవిల్లి_రోడ్డు
అందరికీ నమస్తే, మాది శ్రీకాకుళం. 2018లో తిత్లీ తుఫాను వెళ్ళిన నెలకి కొన్న చిన్న కారు, ఇప్పటికి 34 వేలే తిరిగింది. నాన్నగారు ఆదివారం అరసవిల్లికి, ఎప్పుడైనా పలాసలో అత్త వాళ్ళింటికి తప్ప బయటికి తియ్యరు, మిగతా రోజులు వాకిట్లో ఎండలోనే పడుంటుంది. మొన్న గాలి పట్టించడానికి వెళ్తే షాపతను టైరు పక్కన గోరు పెట్టి చూపించి, సన్నగా పగుళ్ళొచ్చేశాయి సార్ నాలుగూ మార్చేయండి అన్నాడు. నాన్నగారికి కోపం వచ్చేసింది, గ్రిప్పు ఇంత లోతుంటే మార్చడమేటి, అమ్ముకోడానికి చెప్తున్నాడు అని. నాకూ సగం అలాగే అనిపించింది గానీ వచ్చే నెల ఇంటిల్లిపాదీ ఎస్.కోట మీంచి అరకు వెళ్దామనుకుంటున్నాం, ఘాట్ రోడ్డు కదా, అదీ భయం. మార్చాలో వద్దో ఎలా తెలుస్తుందండీ?

సాలూరు_లారీ
ముందు టైరు ఎప్పుడు పుట్టిందో సూడండి బాబూ. పక్కన డీఓటీ అని రాసుంటాది, ఆ వరస సివర్న నాలుగంకెలు. 3218 అంటే 2018లో 32వ వారం తయారయిందని. బయట కనపడకపోతే లోపలి పక్క ఉంటాది, వంగొని టార్చి ఎయ్యాలి. స్టెప్నీకి కూడా సూడండి, దాన్ని ఎవుడూ పట్టించుకోడు. మా ఊరు లారీల ఊరు, టైరు సంగతి సంటిపిల్లోడు కూడా సెప్తాడు. లారీ టైరయితే రీట్రేడింగు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు సేయించి మళ్ళీ తోలతాం, కారు టైరుకి ఆ ఆశ నేదు.

గజపతినగరం_గేరు
ఏటి మాస్టారూ, మరీ భయపెట్టేస్తున్నారు. నావి తొమ్మిదేళ్ళ టైర్లు, రోజూ విజయనగరం వెళ్ళొస్తున్నాను, ఏమీ అవలేదు. గ్రిప్పు గాడిలో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది, టైరు అరిగి దానికి సమానంగా వచ్చినప్పుడు మార్చుకోవాలి, అంతే. మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు.

కోట_జంక్షన్
గేరు గారూ, మీరు చెప్పిన దిమ్మ నిజమే, అక్కడికి అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మన దేశంలో కారుకి రూలు కూడా అదే. కానీ అది ఆఖరి గీత, అక్కడిదాకా ఆగమని కాదు కదా. కొత్త టైరుకి గాడి లోతు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది, అది 3కి దిగిందంటేనే వానలో నీళ్ళు పక్కకి తోసే బలం బాగా తగ్గిపోతుంది, మన హైవే మీద ఎచ్చెర్ల దగ్గరో రణస్థలం దగ్గరో జోరు వానలో ఎనభైలో వెళ్తుంటే స్టీరింగు ఒక్కసారి తేలిపోయినట్టు అవుతుంది చూశారా, అదే.

అయితే అడిగినాయన సమస్య అరుగుదల కాదు, వయసు. రబ్బరులో పగుళ్ళు రాకుండా మైనం లాంటిది కలుపుతారు, టైరు తిరుగుతూ నలుగుతుంటేనే అది పైకి వస్తుంది. వాకిట్లో నెలల తరబడి కదలకుండా ఎండకి పెడితే తిరిగే బండి కంటే ముందే ఎండిపోతుంది. అందుకే తక్కువ తిరిగింది కదా అన్న మాట ఇక్కడ పనికి రాదు. అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి చూపించుకోమని, పదేళ్ళు నిండితే గ్రిప్పు ఎంతున్నా తీసెయ్యమని పెద్ద కంపెనీలే చెప్తాయి. పక్క గోడ ఎక్కడైనా ఉబ్బిందా చూడండి, ఉబ్బితే లోపల దారాలు తెగినట్టే, దానికి పంచరు వెయ్యడం కుదరదు, ఆ రోజే మార్చాలి. అరుగుదల కూడా ఒకే అంచున ఉంటే అలైన్‌మెంటు (చక్రాలు సమంగా, తిన్నగా ఉండటం) పోయింది, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో తిప్పారు, నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ కొట్టించారు.

అరసవిల్లి_రోడ్డు
చూశాను సార్, చాపేసుకుని కారు కింద పడుకుని మరీ. మూడు టైర్లు 3218. ఒకటి 1521, నాలుగేళ్ళ కిందట టెక్కలి దగ్గర గోతిలో పడి పేలితే మార్చింది, అది బానే ఉంది. పగుళ్ళు మూడింటికీ ఉన్నాయి, గ్రిప్పు గాడుల లోపల కూడా. ముందు ఎడమదానికి లోపలి అంచు నున్నగా గుండులా అయిపోయింది, బయట నుంచి చూస్తే అసలు తెలీదు!! ఇన్నాళ్ళూ దాని మీదే పలాస తిరిగాం. స్టెప్నీ కూడా 3218యే, ఇంతవరకు నేల తగల్లేదు. డబ్బు చూస్తే ఇప్పుడు రెండే కొనగలం, కొత్తవి ముందు వేస్తాం అంటున్నాడు షాపతను.

సాలూరు_లారీ
రెండే అయితే కొత్తవి ఎనక్కి ఎయ్యమనండి. ముందు జారితే స్టీరింగుకి తెలుస్తాది, యాక్సిలేటరు మీంచి కాలు తీస్తే దారికొస్తాది. ఎనక జారితే బండి గిర్రున తిరిగిపోద్ది, ఘాట్లో అది మన సేతిలో ఉండదు. కానీ మీకు పాతవి మూడున్నాయి, రెండు మారిస్తే ఒకటి మిగుల్తాది కదా, దాన్తో అరకు ఎక్కకండి. ఇంకోటి తీసీసుకోండి.

గేరు గారి సంగతి నాకూ అనుమానంగా ఉంది, తొమ్మిదేళ్ళన్నారు, ఓసారి లోపలి అంచు సూసుకోండి మాస్టారూ.

గజపతినగరం_గేరు
చూస్తాన్లెండి రేపు.

అరసవిల్లి_రోడ్డు
అప్డేట్: మూడు మార్చేశాం, అరకు ఒక నెల వెనక్కి జరిగింది. అలైన్‌మెంటు చేయించాం, గాలి డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించాం. పాత టైర్లు షాపులో వదిలెయ్యమన్నా నాన్నగారు ఒప్పుకోలేదు, డిక్కీలో వేయించుకుని తెచ్చి మెట్ల కింద పెట్టారు. ఎవరు వచ్చినా తీసి చూపిస్తున్నారు, గ్రిప్పు చూడండి ఎంతుందో అని.